బల్ల కింద బిడ్డ

మదన్‌మోహన్ సారు గాజు బుడ్డిలో కార్బన్ డయాక్సైడ్ గ్యాసు నింపి బల్ల మీది త్రాసులో తూచాడు.

"చూసిన్రా, గాలికంటె బరువున్నది. అందుకే కిందికి దిగుతది," అని పిల్లలకు చెప్పి, బుడ్డిని కొవ్వొత్తి మీద వంచాడు. మంట ఆరిపోయింది.

తలుపు దగ్గర ఊడుస్తున్న బాలమణి చేతిలోంచి చీపురు జారింది. ఇంటికాడ బిడ్డను చూసుకునే అత్త చెరుకు కొట్టడానికి కోహీర్ పోయిందని, తన పసిబిడ్డను ఆ బల్ల కిందే దాచి పడుకోబెట్టింది. హెడ్‌మాస్టరుకు తెలిస్తే పని పోతుంది. కానీ మంటను ఆర్పిన గ్యాసు బిడ్డ ఊపిరి ఆర్పదా?

"సారూ, నా బిడ్డ!" అంటూ బల్ల కింద దూరింది. అక్కడ ఉత్త బొంతే ఉంది.

"ఫికర్ చెయ్యకమ్మా. గ్యాసు నింపకముందే తీసి, పక్క రూంల నా బల్ల మీద పండవెట్టిన," అన్నాడు సారు. "హెడ్‌మాస్టర్ అడిగితే నా మనుమరాలని చెప్పిన. జర నువ్వు గూడ గట్లనే చెప్పు."