క్వార్టర్ కాదు, సొంతిల్లు

లైన్‌మన్ వాసు కరెంటు స్తంభానికి నిచ్చెన ఆనించగానే, అరుగు మీద కూర్చున్న సమ్మయ్య ఎగతాళిగా నవ్వాడు. ఏళ్ల తరబడి బొగ్గు గనిలో పనిచేసి, కంపెనీ క్వార్టర్ వదిలి, నిరుడే సొంతింటికి వచ్చిన మనిషి ఆయన.

"నేను తవ్విన బొగ్గుతోనే గదరా నీ కరెంటు? మళ్ల నాకే బిల్లిస్తవా?"

"క్వార్టర్ల బిల్లు కంపెనీ కట్టింది కాకా. ఈడ నువ్వే కట్టాలె."

"క్వార్టర్ల హీటరు పొయ్యి పొద్దుమాపు మండేది. ఎవడన్న అడిగిండా?"

వంటింట్లోంచి నాంచారమ్మ తడిచేతులతో వచ్చింది.

"ఫ్యూజు తీసెయ్ బిడ్డా. ఈయనకు చీకట్ల బతుకుడు అలవాటే."

"గనిల నెత్తి మీద లైటుండేదే!"

"అదీ కంపెనీదే. నీ సొంతమని చెప్పుకోను నోరొక్కటే ఉన్నది."

నిచ్చెన పైకెక్కిన వాసు, సరిచూసుకోవడానికి బిగ్గరగా అరిచాడు.

"బిల్లు కట్టనిది నాంచారమ్మ గదా? ఫ్యూజు తీస్తున్న!"

వీధి నల్లా దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. ఇల్లు ఆమె పేరున రాయించి, ఆ సంగతి వాడంతా చాటుకున్నది సమ్మయ్యే. నాంచారమ్మ తల దించలేదు. కొంగుతో చేతులు మాత్రం తుడుచుకుంటూ ఉండిపోయింది, ఆరిపోయిన చేతులనే.

సమ్మయ్య నవ్వు ఆగింది. ఆయన లేచి వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు.

"ఆ పేరు పిలువకురా. కట్టనిది సమ్మయ్య అని గట్టిగ అరువు. అందరు వినాలె."

"అరుసుడు తర్వాత," అంది నాంచారమ్మ, దండెం మీది చొక్కా తీసి ఆయన మీదికి విసిరేస్తూ. "ముందు పోయి కట్టు."