అడ్డంగా ఆపిన కారు

ఎర్ర కారు ఒకటి వచ్చి సరిగ్గా కర్టిస్ కారు వెనకే అడ్డంగా ఆగింది.

ముందు గోడ. రెండు పక్కలా స్తంభాలు. ఇక కర్టిస్ కారు కదలడానికి జానెడు దారి లేదు.

అతను అది గమనించలేదు. వెనక సీటులో వంగి, పాప సీటుతో కుస్తీ పడుతున్నాడు.

అమెరికాలోని డులూత్‌లో ఆసుపత్రి కింద ఉన్న పార్కింగ్ అది. పాప సీటు కారులో సరిగ్గా బిగిసిందని నర్సు చూసి ఒప్పుకుంటే తప్ప బిడ్డను ఇంటికి పంపరు. బయట మంచు మొదలైంది. చీకటి పడేలోగా సరస్సు ఒడ్డు రోడ్డు మూసేస్తారని రేడియో చెబుతోంది. వాళ్ళ ఇంటికి ఉన్నది ఆ రోడ్డొక్కటే.

“మోకాలితో అదిమిపెట్టి, అప్పుడు బెల్టు లాగు,” అంది నర్సు జోలీన్. “దానికేం నొప్పి పుట్టదులే.”

కర్టిస్ లాగాడు. జోలీన్ సీటు పట్టుకుని ఊపింది. అంగుళం కూడా కదల్లేదు.

“భేష్. పాప మొహం వెనక అద్దం వైపే ఉంటుంది. వాలు కూడా సరిపోయింది, తల ముందుకు పడిపోదు. ఈ సీటు ఎప్పుడైనా యాక్సిడెంటులో పడిందా?”

“లేదండీ. మా అక్క వాళ్ళది. గీత కూడా పడలేదు.”

చక్రాల కుర్చీలో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బ్రిటా నవ్వింది.

“పెళ్ళినాడు ఉంగరం తొడిగేటప్పుడు కూడా ఇంత శ్రద్ధ లేదు ఈ మనిషికి.”

కర్టిస్ నవ్వలేదు. భార్యకు కూడా అక్క ఇచ్చిందనే చెప్పాడు. నిజానికి అది నిన్న ఎవరి ఇంటి ముందో ‘కావాల్సినవాళ్ళు తీసుకోండి’ అన్న అట్టముక్కతో కనిపించింది. అతను పనిచేసే కాగితం మిల్లు మూతపడిన దగ్గర్నుంచి కొత్తది అన్న మాటే వాళ్ళింట్లో లేదు.

“పాపకి ఆ మందపాటి కోటు విప్పెయ్యమ్మా,” అంది జోలీన్ బ్రిటాతో. “బెల్టు పాప ఒంటికి ఆనాలి, కోటుకి కాదు. దుప్పటి పైన కప్పొచ్చు.”

అప్పుడు ఎర్ర కారు తలుపు తెరుచుకుంది.

దిగిన ఆడమనిషికి ముప్పయ్యేళ్ళుంటాయి. జుట్టు దువ్వుకోలేదు. తిన్నగా కర్టిస్ దగ్గరికి వచ్చింది.

“ఆ సీటు ఇచ్చెయ్యండి.”

“ఏంటి?”

“గోధుమరంగు కారు, ఒక తలుపు నీలం అని పక్కింటావిడ చెప్పింది. నిన్నట్నుంచి వెతికి వెతికి, పసిబిడ్డ కోసమేనేమో అని ఇక్కడికొచ్చాను. అది మా ఇంటి ముందు నుంచి తీసుకొచ్చారు మీరు.”

జోలీన్ చూస్తోంది. బ్రిటా కూడా.

“పొరబడ్డారు. ఇది మా అక్కది. మీ కారు తియ్యండి.”

“అది యాక్సిడెంటులో పడిందండీ. పైకి కనపడదు.”

“మీకెలా తెలుసు?”

ఆమె ఏదో చెప్పబోయింది. బ్రిటా ఒళ్ళోని పాపను చూసింది.

గబగబా వెళ్ళి తన కారులోంచి ఒక పెద్ద పెట్టె తెచ్చి కింద పెట్టింది.

“ఇది కొత్తది. సీలు కూడా తియ్యలేదు. తీసుకోండి. అది నాకివ్వండి.”

“కొత్తదిచ్చి పాతది పట్టుకుపోతారా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారండీ!”

బ్రిటా పాపను గుండెకు హత్తుకుంది.

“కర్టిస్, నాకు భయమేస్తోంది. చూడు, పాపని ఎలా చూస్తోందో. వెళ్ళిపోదాం.”

“ఎలా వెళ్ళమంటావ్? వెనక ఆవిడ కారుంది కదా!”

“అయితే కారులో కూర్చుని తలుపులు వేసుకుందాం.”

కర్టిస్ పాపను అందుకుని సీటు వైపు వంగాడు.

“వద్దు!” అని అరిచి ఆమె అవతలి తలుపు లాగింది. చేతిలో కత్తెర మెరిసింది.

కర్టిస్ పాపతో సహా వెనక్కి పడబోయాడు.

కత్తెర పాప జోలికి రాలేదు. సీటు బెల్టుల మీద పడింది. ఒకటి. రెండోది. రెండూ తెగి వేలాడాయి.

“పిచ్చిదానా! పోలీసుల్ని పిలవండి!” అని అరిచాడు కర్టిస్.

గార్డు మార్వ్ పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మొహం చూశాడు. పట్టు వదులు చేశాడు.

“పదమ్మా,” అన్నాడు మెల్లగా.

ఆమె పెనుగులాడలేదు. కారు తాళాలు అతని చేతిలో పెట్టి వెంట నడిచింది.

“ఇప్పుడెలా?” బ్రిటా ఏడుపు గొంతుతో అంది.

జోలీన్ పాత సీటు బయటికి లాగి, గుడ్డ తొడుగు విప్పింది. లోపలి థర్మాకోల్ అట్ట ఒక చివర నుంచి రెండో చివర దాకా పగిలి ఉంది.

“మీ అక్క వాళ్ళదా?”

కర్టిస్ తల దించుకున్నాడు.

“వీధిలో దొరికింది.”

“దెబ్బతిన్న సీటుకి బెల్టులు కోసి పారేస్తాం. ఇంకెవరూ వాడకూడదని. ఆవిడ చేసింది అదే.”

బ్రిటా అతని వైపు చూడలేదు.

కొత్త సీటు బిగించారు. పాపను అందులో పడుకోబెట్టారు. మార్వ్ ఎర్ర కారు పక్కకు తీసి వెళ్ళాడు. దారి తెరుచుకుంది.

కర్టిస్ స్టీరింగ్ మీద చెయ్యి వేసి ఆగాడు. దిగి, గార్డు గదికి పరుగెత్తాడు. అక్కడ మార్వ్ ఒక్కడే ఉన్నాడు.

“ఆవిడేదీ?”

“పోలీసుల్ని పిలవలేదు. పంపేశాను. ఆవిడ ఏడుపు చూడలేక చెల్లెలు ఆ సీటు వీధిలో పెట్టేసిందట, అది ఇక వాడకూడదని తెలియక.”

“కొత్త సీటు తన పాప కోసం కొనుక్కుందేమో. ఇంట్లో పాప లేదా?”

మార్వ్ తల అడ్డంగా ఊపాడు.

“పోయిన చలికాలం ఆ తల్లీబిడ్డలు ఇంటికి బయల్దేరితే ఆసుపత్రి తలుపు తీసి పట్టుకున్నది నేనే. ఆ సీటులో పడుకోబెట్టిన పాప ఇంటికి చేరలేదు.”