బెరడు రంగు హక్కు

"మన బెరడు రంగు పేరు ఇంకెవరైనా వాడితే కేసేనక్కా!" తమ్ముడు హక్కుపత్రం అక్క చేతిలో పెట్టాడు.

కొండచెట్ల బెరడుతో రంగు కాచే పన్నెండుమంది ఆడవాళ్లూ ఏడాదిగా ఎదురుచూస్తున్న కాగితం అది. ఇక కంపెనీలు ఆ పేరుతో నకిలీ రంగు అమ్ముకోలేవు. కావాలంటే వీళ్ల గడప తొక్కాల్సిందే.

అక్క కూడబలుక్కుని చదివింది. హక్కుదారు అన్నచోట ఆమె పేరొక్కటే ఉంది.

"మిగతావాళ్ల పేర్లేవిరా?"

"పదిమంది చేరితే పాము చావదక్కా. అందుకే నీ పేరే పెట్టించా."

"అందరూ సంతకాలు చేశారుగా?"

"హక్కు నీకు వదులుకుంటున్నామని చేశారు. చదివితేగా!"

"నాకీ పని నేర్పిన పెద్దమ్మ కూడానా?"

"ఆమెది వేలిముద్ర. వేలు పట్టుకుని వేయించింది నువ్వే!"

తోడబుట్టినవాడు రాశాడు కదా అని ఆ రోజు అక్కా చదవలేదు.

"నీకేం అన్యాయం చేశానక్కా? నీ మేలు కోరేగా!"

"నా చేత్తోనే వాళ్ల గొంతు కోయించావు కదరా!"

ఆమె కాగితంతో పక్కగదిలోకి నడిచింది. రంగు కాగుల దగ్గర అందరూ నవ్వుతూ తలెత్తారు.

"వచ్చిందా తల్లీ, మన హక్కు?" అంది పెద్దమ్మ.

"నాకొక్కదానికే వచ్చింది పెద్దమ్మా." జరిగిందంతా దాచకుండా చెప్పింది. "రేపే అందరి పేరా మార్పించేస్తాను. వాడు రాశాడని నమ్మాను."

పెద్దమ్మ రంగంటిన తన బొటనవేలి వంక చూసుకుంది.

"వాడు రాశాడని కాదే, నువ్వు వేయమన్నావని వేశాను నేను."