నాలుకకు దొరికిన చీమ

"ఉమ్మండి! ముందది ఉమ్మండి!"

క్యూరేటర్ కేకకి మ్యూజియం హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్ళంతా పని ఆపి చూశారు.

లైటు సరిచేద్దామని ఆమె అద్దాలపెట్టె తెరిచి అటు తిరిగింది అర నిమిషమే. ఈలోగా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఒక ముసలాయన, పెట్టెలో ఉన్న అంబర్ ముక్క తీసి చాక్లెట్‌లా బుగ్గన పెట్టుకున్నాడు.

నాలుగు కోట్ల ఏళ్ళ అంబర్! ఏనాటి చెట్టు జిగురో నేలలో గట్టిపడి రాయిలా మారింది. లోపల ఒక చీమ. ఇప్పుడు మన ఇళ్ళలో తిరిగే చీమ అచ్చం ఇలాగే అప్పుడూ ఉండేదనడానికి అదొక్కటే రుజువు. ఎనిమిదో ఏట నుంచీ ఆమె దగ్గరే ఉన్న రాయి అది. నాలుగు గంటలకి, దేశదేశాల పెద్దల ముందు ఆ సంగతి ప్రకటించబోతోంది. ఆమె పేరూ, ఇన్నేళ్ళ కష్టమూ ఆ చీమ మీదే ఉన్నాయి.

గడియారం మూడు దాటింది.

ముసలాయన తాపీగా రాయి అరచేతిలోకి తీసి, చొక్కా అంచుతో తుడిచాడు.

"రాయి అసలైందేనమ్మా. గాజైతే నోట్లో చల్లగా తగిలేది. పంటికి తాకిస్తే టకటకమనేది. ఇది వెచ్చగా ఉంది."

"అది మీరు చెప్పాలా?" ఆమె లాక్కుంది. "ఉప్పునీళ్ళలో వేశాను, తేలింది. వేడి సూది అంచుకి ఆనించాను, చెట్టు బంక వాసనొచ్చింది. ప్లాస్టిక్ అయితే మునిగేది, కంపు కొట్టేది. అన్ని పరీక్షలూ అయ్యాయి!"

"రాయికి పెట్టావు పరీక్ష. చీమకి పెట్టలేదుగా?"

"ఏమిటీ?"

"జిగురులో పడ్డ చీమ ఊరుకుంటుందా తల్లీ? గిలగిలా కొట్టుకుంటుంది. పక్కన బుడగలు లేస్తాయి. ఓ కాలు ఊడుతుంది. ఇదేమో ఫోటోకి నిలబడ్డట్టుంది."

"అదే దీని గొప్పతనం!"

"కాదమ్మా. రాయికి తొర్ర చేసి, చీమని పెట్టి, పైన పూడ్చారు. కంటికి దొరకదు. నాలుకకి దొరుకుతుంది." గోటితో ఒక చోటు చూపించాడు. "చేసినవాడు మాత్రం పనిమంతుడు. రంగు ఎంత బాగా కలిపాడో!"

చెబుతుంటే ఆయన మొహంలో ఏదో మురిపెం. ఆమెకి ఒళ్ళు మండింది.

"అసలు సంగతేంటంటే అమ్మా, నేను..."

"మీసాలూ!"

గార్డుని అక్కడందరూ పిలిచేది అలాగే. వచ్చి ముసలాయన భుజం పట్టుకున్నాడు.

"పద తాతా. ఆకలేస్తే క్యాంటీన్ ఉంది. మ్యూజియం తినేస్తే ఎలా?"

"ఒక్క మాట చెప్పనివ్వు నాయనా..."

"బయట చెబుదువుగాని."

తలుపు మూసుకుంది. ఆమె రాయిని కడిగి, తుడిచి, వెలుగులో పట్టుకుంది. చీమ కుదురుగా ఉంది.

మరీ కుదురుగా ఉంది.

'పిచ్చి ముసలాడు' అనుకుంది. అనుకున్నా మనసు ఊరుకోలేదు. అటూ ఇటూ చూసి, గభుక్కున నోట్లో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మీసాలు తిరిగొచ్చాడు.

"మేడమ్! మీరు కూడానా?"

నాలుక కొసకి సన్నటి అంచు తగిలింది. గుండ్రంగా తిరిగి, మొదలైన చోటికే వచ్చింది. రాయి తీసి, సరిగ్గా అక్కడే భూతద్దం పెట్టింది. వెంట్రుకంత గీత!

ఇంకో గంట గడిచి ఉంటే? లోకం ముందు నవ్వులపాలయ్యేది.

"ఏడీ ఆయన?"

"బస్సెక్కి వెళ్ళిపోయాడు మేడమ్. పేపర్లో ఈ రాయి ఫోటో చూసి, పనిగట్టుకుని వచ్చాట్ట. పోతూ పోతూ మిమ్మల్ని ఒకటి అడగమన్నాడు. తిక్క మాటే లెండి."

"చెప్పు!"

"'ఆ పాపకి కుడివైపు కింది పన్ను మళ్ళీ ఎప్పుడైనా నొప్పి చేసిందా?' అని."

ఆమె నాలుక తనంతట తానే ఆ పన్ను దగ్గరికి వెళ్ళింది. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత పరుగెత్తింది. బస్టాపులో ఎవరూ లేరు.

నాలుగు గంటలకి హాలు నిండిపోయింది. ఆమె మైకు అందుకుంది.

"క్షమించండి. రాయి వయసు నాలుగు కోట్ల ఏళ్ళు. చీమ వయసు నాకన్నా తక్కువ. రేపు ఇంకొకరు చెప్పేలోగా నేనే చెప్పేస్తున్నాను."

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలోంచి డైరెక్టరు లేచాడు.

"ఎవడమ్మా ఆ మోసగాడు? చెప్పు, వాడి సంగతి చూద్దాం!"

"చెబుతాను సార్." ఆమె మొహంలో దిగులు లేదు. "ఎనిమిదేళ్ళప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరవనని మొండికేశాను. వెనక గదిలో కట్టుడు పళ్ళు తయారుచేసే ఆయన ఈ రాయి తెచ్చి చూపించాడు. 'లోపల పురుగేదీ?' అని పెదాలు బిగించే గొణిగాను. మర్నాడు వెళ్ళేసరికి లోపల చీమ ఉంది! ఇంకో రాయి తెచ్చాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆశ్చర్యంతో నోరు తెరిచాను. డాక్టరు ఠక్కున పని కానిచ్చేశాడు. రాయి నాకే ఇచ్చేశాడాయన. ఆ రోజు నుంచీ నాకు రాళ్ళ పిచ్చి, పురుగుల పిచ్చి."

నవ్వులు ఆగేదాకా ఆగింది.

"నన్నింతదాన్ని చేసిన ఆ మోసగాడే, నా పరువు కాపాడటానికి ఇవాళ బస్సెక్కి వచ్చాడు సార్. ఇందాక నేను గార్డుతో బయటికి గెంటించిన ముసలాయన ఆయనే."