బండి లేని పెళ్లికొడుకు

"అన్నీ మంచిగనే ఉన్నయన్నా. ఒక్క బండే నచ్చలే" అంది తారాబాయి.

కుర్మయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. పిల్లను చూడడానికి కొడుకు మహేష్‌ను వెంటబెట్టుకుని, అతని బండి మీదే మైలార్‌దేవ్‌పల్లి నుంచి శంషాబాద్ వచ్చాడు. తండ్రీకొడుకులిద్దరికీ భాగ్యలక్ష్మి నచ్చింది. మహేష్‌కు ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని. తాగుడు లేదు, నోరు మెత్తన. ఇక ముహూర్తమే అనుకుంటుంటే ఈ మాట.

"పాతదనా, చెల్లె? కొత్తది కొంటడు తీయ్."

"కొత్తదైనా వద్దు. రెండు చక్రాల బండి మీద తిరిగేటోనికి మా పిల్లనియ్య."

పైన విమానం దిగుతుంటే ఆ మోత పోయేదాకా అందరూ ఆగారు. ఇంతకుముందు రెండు సంబంధాలు ఈ మాట మీదే పోయాయి. ఇదీ పోతే భాగ్యలక్ష్మి మళ్లీ ఎవరి ముందూ కూర్చోనంటుంది. అయినా తారాబాయి చెప్పకుండా ఉండలేకపోయింది.

"బండి లేకుంటే వీనికి కాళ్లు లేనట్టే" అని నవ్వాడు కుర్మయ్య.

"ఆ కాళ్లు ఉండాలనే చెప్తున్న."

"హెల్మెట్ పెడ్తడు గద?"

"అందరు పెడ్తరు, బండి అద్దానికి! మూలింటి జగన్‌ది గూడ గట్లనే వేలాడుతుండె. గగన్‌పహాడ్ కాడ లారీ తగిలింది. పానమైతే దక్కింది. వాళ్లమ్మ పాలిచ్చే బర్రెను అమ్మింది. చెల్లె చదువు బంద్ పెట్టి కంపెనీల పనికి పోతున్నది. గల్లీ మొత్తం చందాలేసుకున్నం. ఇంకెన్ని ఇండ్లు చెప్పాలన్నా? మా ఇంటి సంగతి మీకు ఎర్కనే గద."

కుర్మయ్య నవ్వు ఆగిపోయింది. "ఎర్కనే చెల్లె. కని తెల్లారకముందే డ్యూటీ. ఎట్ల పోవాలె?"

మహేష్ మొదటిసారి నోరు విప్పాడు. "ఆమె ఏమంటదో అడుగుండ్రి."

తలుపు పక్కన నిలబడ్డ భాగ్యలక్ష్మి మెల్లగా అంది. "గల్లీల బండి సప్పుడైతే చాలు, ఇద్దరం గేటు కాడికి ఉరుకుతం. ఇంక గట్ల ఉరుకుడు నాతోని కాదు."

మహేష్ చేతిలోని తాళంచెవి వైపు చూశాడు. ఆ బండి అతను తన జీతంతో కొన్న మొదటి వస్తువు.

"కంపెనీ బస్సు ఆరాంఘర్ కాడ ఆగుతది, నాయినా. జర జల్ది లేస్తే అయిపాయె. బండి నువ్వు నడుపుకో."

"ఆయన గూడ వద్దు!" అని అరిచింది తారాబాయి.

అందరూ పకపకా నవ్వారు. భాగ్యలక్ష్మి కూడా నవ్వింది. ఆ పిల్ల నవ్వు విని ఎన్నాళ్లయిందోనని తారాబాయి కళ్లు తుడుచుకుంది.

అమ్ముడుపోయేదాకా బండిని తారాబాయి వాకిట్లోనే ఉంచారు. ఆమే ఆటో పిలిచింది. లారీల పక్కకు పోవద్దని డ్రైవర్‌కు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"అమ్మా, నాకూ పిల్లలున్నరు" అని విసుక్కున్నాడతను.

ఆటో కదిలాక మహేష్ తల బయటపెట్టాడు. "చేరంగనే ఫోన్ చేస్త, అత్తమ్మా!"

"ముందుగాల తల లోపల పెట్టు!"

తిట్టిందే గానీ, ఆ పిలుపు ఆమె చెవికి కమ్మగా ఉంది.

బండి మీద పోయి తిరిగిరాని తన కొడుకు తాళి కట్టి తెచ్చిన రోజు నుంచీ భాగ్యలక్ష్మి కూడా ఆమెను అలాగే పిలుస్తోంది.