కొలిమి దాకా

రెండో ముక్క సగం తినేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అప్పుడే? ఇంకా మూడున్నాయి" అన్నాడు భర్త, తన పళ్ళెంలోని మెత్తటి ముక్కను తీరిగ్గా చీల్చుకుంటూ.

వేయించిన కోడి ముక్కలు అమ్మే దుకాణం అది. శనివారం మధ్యాహ్నం కావడంతో బల్లలన్నీ నిండిపోయాయి. సోఫా బెంచీ మీద ఆమెను గోడవైపు కూర్చోబెట్టి, తను బయటివైపు కూర్చున్నాడు. ఎక్కడికి వెళ్ళినా అంతే. అతను లేస్తే తప్ప ఆమె లేవడానికి వీలుండదు. ఆమె ఫోను అతని చొక్కా జేబులో ఉంటుంది. ఎక్కడైనా పోగొట్టుకుంటుందని మొదట్లో చెప్పేవాడు. ఇప్పుడు ఏమీ చెప్పడం లేదు.

వారానికోసారి ఆమె గడప దాటేది ఇక్కడికే. అది కూడా అతనికి ఈ కోడి ఇష్టం కాబట్టి. అతనికి కడుపులో పుండు. కారం ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. అందుకని బోర్డు మీదున్న అయిదు రకాల్లో మొదటిదే తింటాడు. శాంతం, చురుకు, సెగ, మంట, కొలిమి అని వాటి పేర్లు.

కిందటి వారం ఆమె బట్టల మీద సాసు ఒలికింది. కౌంటరు దగ్గరుండే అమ్మాయి లోపలికి తీసుకెళ్ళి కడిగించింది. మరక వదిలించుకోవడానికి అంతసేపా అని ఇల్లు చేరేదాకా భర్త సణుగుతూనే ఉన్నాడు.

ఈవారం ఆ అమ్మాయే పందెం సంగతి చెప్పింది. అయిదూ వరసగా తిన్నవాళ్ళ ఫోటో గోడ మీద పెడతారట. "ఇంతవరకూ ఆడవాళ్ళెవరూ గెలవలేదు సార్. మేడం వల్ల కూడా కాదులెండి" అంది.

అతనికి ఆ ఒక్క మాట చాలు.

"మా ఆవిడ చేత నేను తినిపిస్తాను, చూస్తూ ఉండు" అన్నాడు.

నాకొద్దండీ అని ఆమె గొణిగింది. అతను వినిపించుకోలేదు. పందెం ముక్కలు ఇంకెవరూ ముట్టుకోకూడదనీ, చివరిది తిన్నాక తట్టుకోలేకపోతే లోపలికి తీసుకెళ్ళి ఐసు పెట్టడం తమ పద్ధతనీ ఆ అమ్మాయి చెబుతుంటే మాత్రం, సరే సరే అని తలూపాడు.

సెగ వచ్చింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఎడమచేత్తో ఒళ్ళోని సంచిని గట్టిగా పట్టుకుని, కుడిచేత్తోనే తింటోంది. ఆ సంచి కింద పెట్టమన్నాడు, ఎవరూ ఎత్తుకుపోరన్నాడు. ఆమె పెట్టలేదు. మంచినీళ్ళ కోసం చెయ్యి చాచితే గ్లాసు తనవైపు లాక్కున్నాడు. నీళ్ళు తాగితే ఇంకా మండుతుందట.

మంట వచ్చేసరికి చుట్టుపక్కల బల్లలవాళ్ళు ఇటు తిరిగి కూర్చున్నారు. ఆమె చేతిలోంచి ముక్క ఒకసారి జారి పళ్ళెంలో పడింది. భర్త తన ఫోనులో వీడియో తీసి చెల్లెలికి పంపించాడు.

"ఏమండీ, ఇంటికి వెళ్ళిపోదామండీ" అంది ఆమె.

"ఇంతమంది చూస్తుంటే మధ్యలో లేస్తావా? నా పరువేం కావాలి?"

కౌంటరు అమ్మాయి వచ్చి నిలబడింది. పాపం ఆపేయమనండి సార్ అని మెల్లగా చెప్పి చూసింది. నీ పని నువ్వు చూసుకో, ఆ చివరిది పట్టుకురా అన్నాడు.

కొలిమి ముక్క నల్లటి ఎరుపులో ఉంది. మసాలా మందంగా పట్టి, చూస్తేనే కళ్ళు మండేలా ఉంది. ఆమె దానివంక చూసింది. తర్వాత అద్దాల తలుపు అవతల పోతున్న బస్సువంక చూసింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ ఇక చాల్లే నాయనా అంది. అతను నవ్వి ఊరుకున్నాడు.

"నువ్వే తింటావా, నన్ను పెట్టమంటావా?" అన్నాడు భార్యతో.

ఆమె ఒక్క కొరుకు కొరికింది.

వెంటనే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గోడకు వాలిపోయింది. కౌంటరు అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "కాస్త లేవండి సార్" అంది. అందరూ అతన్నే చూస్తున్నారు. లేచి దారిచ్చాడు. ఆ అమ్మాయి ఆమెను భుజం పట్టుకుని నడిపించుకుంటూ వంటగది తలుపు తోసింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

అతను మళ్ళీ కూర్చుని తన పళ్ళెం ఖాళీ చేశాడు. ఫోటోలో తను కూడా ఉంటే బాగుంటుందనుకున్నాడు. చాలాసేపైంది. లేచి వెళ్ళి అడిగితే, మేడంకి కడుపులో తిప్పుతోందంటే ఆ అమ్మాయి గాలి కోసం వెనకవైపు తీసుకెళ్ళిందని వంటవాడు తల తిప్పకుండానే జవాబు చెప్పాడు. అతనేమీ కంగారు పడలేదు. ఆమె ఫోను తన జేబులోనే ఉంది. ఈ ఊళ్ళో ఆమెకు తెలిసినవాళ్ళు లేరు. ఎక్కడికి పోతుంది?

తిరిగొచ్చి కూర్చున్నాడు. ఊసుపోక కొలిమి ముక్కను దగ్గరికి లాక్కున్నాడు. ఆవిణ్ణి అంత ఏడిపించింది ఎలా ఉంటుందో చూడాలని సరదా పుట్టింది. మంచినీళ్ళు పక్కన పెట్టుకున్నాడు. పుండు గుర్తొచ్చి ముందు నాలుక కొసతో తాకించి చూశాడు. తర్వాత కాస్త కొరికాడు. ఆ తర్వాత పెద్దగా కొరికాడు.

అందులో చిటికెడు కారం కూడా లేదు.