పెన్సిల్ గీత

"మీ నవల, అన్నయ్యగారూ. పోయే ముందురోజు దాకా చదివారు," అంటూ చనిపోయిన స్నేహితుడి భార్య నవలాకారుడికి కాగితాల కట్ట అందించింది.

నచ్చని వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీయడం స్నేహితుడి అలవాటు. అతను గబగబా పేజీలు తిరగేశాడు. మొత్తం మీద ఒక్కటే గీత. స్నేహితుడు అచ్చుకివ్వని కథలోంచి, ఎవరికి తెలుస్తుందిలే అని తాను ఎత్తుకొచ్చిన వాక్యమది!

పక్కన వణుకుతున్న అక్షరాలు: "ఇది నాకూ కుదరలేదురా. ఇంకోసారి చూడు."

"ఆయన రాసిన ఆఖరి మాట అదే. దేని గురించండీ?"

"పెన్సిలుందా, అమ్మా?" అన్నాడు.

ఆమె ఇచ్చిన పెన్సిల్ కొన మీద స్నేహితుడి పంటిగాట్లు. వాక్యం కొట్టేసి కొత్తది మొదలుపెట్టాడు. రెండో మాట దగ్గరే చెయ్యాగిపోయింది.

ఆమె ఎదురుగానే ఉంది. అయినా భుజం మీంచి ఎవరో చదువుతున్నారు.